టైపింగ్ సెంటర్లో రాయించే ఇంగ్లీషు ఆఫీసు ఉత్తరం: టైపింగు సరే, మ్యాటర్ సంగతేంటి?

ఒంగోలు కోర్టు సెంటర్లోనైనా, నెల్లూరు దర్గామిట్ట కలెక్టరేటు పరిసరాల్లోనైనా డీటీపీ, జెరాక్స్ బోర్డు ఉన్న కొట్టుకు వెళ్లి "ఇంగ్లీషులో లెటర్ కొట్టాలన్నా" అంటే పని మొదలైపోతుంది. చీమకుర్తి గ్రానైటు యూనిట్ల గుమాస్తాలు, రొయ్యల మేత డీలర్లు, పొగాకు రైతులు, చిన్న బడుల కరస్పాండెంట్లు, ఇంగ్లీషులో రాయటానికి ఆఫీసులో మనిషి లేనివాళ్లంతా ఈ కొట్ల మీదే ఆధారపడతారు. ఇక్కడ రాస్తున్నది ఏ ఒక్క కొట్టు గురించీ కాదు, ఈ సేవ గురించి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. టైపింగుకు అయిదుకు నాలుగు, మ్యాటరుకు అయిదుకు రెండు. ఆ రెండు నాలుగు కావాలంటే పని కొట్లో కాదు, కొట్టుకు బయల్దేరేముందు మీ దగ్గర జరగాలి.

ముందు మంచి సంగతులు. వేగం బాగుంటుంది. పేజీ ఉత్తరం పావుగంటలో చేతికొస్తుంది. అన్నీ ఎడమ అంచుకే మొదలయ్యే ఫుల్ బ్లాక్ పద్ధతి ఆపరేటర్లకు అలవాటే. మార్జిన్లు, పేరాకూ పేరాకూ మధ్య ఖాళీ, సంతకానికి నాలుగు లైన్ల చోటు చెప్పకుండానే వదులుతారు. ఒక్క చోట జాగ్రత్త కావాలి. కొన్ని కంప్యూటర్లలో వర్డ్ పేజీ సైజు లెటర్ అని ఉండిపోతుంది. అది 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 ఎత్తు. మనం వాడే ఏ4 అయితే 210 వెడల్పు, 297 ఎత్తు. సెట్టింగు మార్చకుండా ప్రింటిస్తే కుడివైపు అంచు ఇరుకైపోతుంది, కింద ఖాళీ ఎక్కువవుతుంది, ఒక్కోసారి అక్షరాలే తెగిపోతాయి. అచ్చేసిన లెటర్‌హెడ్ తీసుకెళ్తుంటే పైనుంచి ఎన్ని సెంటీమీటర్లు వదలాలో స్కేలుతో కొలిచి చెప్పండి. "కొంచెం కిందికి దించన్నా" అంటే రెండు లెటర్‌హెడ్లు పాడయ్యాక గానీ కుదరదు.

అసలు లోపం పాత ఫైలు. కూర్చోగానే ఆపరేటరు కొత్త పేజీ తెరవడు. అంతకుముందు ఎవరికో కొట్టిన ఉత్తరం తెరిచి పేర్లు, తేదీలు మార్చుకుంటూ పోతాడు. వెనక జనం నిలబడి ఉంటారు కాబట్టి అతని వైపునుంచి అది సబబే. కానీ చిక్కులన్నీ అక్కడే పుడతాయి. పాతవాళ్ల రిఫరెన్స్ నంబరు అలాగే ఉండిపోతుంది. మీరు జతచెయ్యని కాగితాలు ఎన్‌క్లోజర్ల కింద కనిపిస్తాయి. పైన 'సర్' అని మొదలైన ఉత్తరం మధ్యలో 'మేడమ్' అయిపోతుంది. ఇంకోటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. వర్డులో తేదీ పెట్టేటప్పుడు 'అప్‌డేట్ ఆటోమేటిగ్గా' అనే టిక్ ఉంటే, ఆ ఫైలు ఎప్పుడు తెరిస్తే ఆ రోజు తేదీ పడుతుంది. మార్చిలో పంపిన ఉత్తరాన్ని జూన్‌లో మళ్లీ ప్రింటు తీస్తే జూన్ తేదీతో వస్తుంది. పార్టీ తగాదాకు దిగినప్పుడు మీ ఆఫీసు కాపీ, వాళ్ల దగ్గరున్న అసలు రెండూ కలవవు. అందుకే ఒకే మాట చెప్పండి: "అన్నా, పాత ఫైల్ మీద కొట్టొద్దు, కొత్త పేజీ తెరువు. తేదీ చేత్తో కొట్టు."

పాత ఫైలు వెంట పాత భాష కూడా వస్తుంది. బాకీ వసూలుకు ఈ కొట్లలో సాధారణంగా వచ్చే పేరా ఇలా ఉంటుంది: "విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ అబోవ్, వీ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ ది పేమెంట్ ఈజ్ పెండింగ్ సిన్స్ లాంగ్ టైమ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్." చదవటానికి మర్యాదగానే ఉంది. కానీ ఏ బిల్లు, ఎంత, ఎప్పటికి ఇవ్వాల్సింది, ఇప్పుడు ఏ తేదీలోపు కట్టాలి, వీటిలో ఒక్కటీ లేదు. అవతలి అకౌంటెంటు దీన్ని ఏ బిల్లుతో సరిచూసుకోవాలి? పక్కన పెట్టేస్తాడు.

అదే సంగతి ఇలా రాస్తే పని జరుగుతుంది: "అవర్ ఇన్‌వాయిస్ నంబర్ 118, డేటెడ్ 4 ఆగస్ట్ 2025, ఫర్ రూపీస్ 2,36,000, ఫెల్ డ్యూ ఆన్ 3 సెప్టెంబర్ 2025. వీ హావ్ నాట్ రిసీవ్డ్ ది పేమెంట్. ప్లీజ్ పే ది ఫుల్ అమౌంట్ బై 25 సెప్టెంబర్ 2025, ఆర్ టెల్ అస్ ఇన్ రైటింగ్ వై ఇట్ ఈజ్ బీయింగ్ హెల్డ్." మూడే వాక్యాలు. మొదటిదాంట్లో లెక్క, రెండోదాంట్లో పరిస్థితి, మూడోదాంట్లో అడిగేది. 'ఆపితే కారణం రాతపూర్వకంగా చెప్పండి' అన్న ముక్క చాలా విలువైనది. సరుకులో లోపం ఉందని ఆర్నెల్ల తర్వాత కొత్తగా మాట మొదలుపెట్టే పార్టీని, 'అప్పుడే ఎందుకు రాయలేదు' అని అడిగే అవకాశం మీకు మిగులుతుంది.

'సిన్స్ లాంగ్ టైమ్' లాంటి తప్పులు తెలివి తక్కువై వచ్చేవి కావు. మనం 'చాలా కాలం నుంచి' అంటాం, ఆ 'నుంచి'కి సిన్స్ పెట్టేస్తాం. ఇంగ్లీషులో సిన్స్ తర్వాత మొదలైన తేదీ రావాలి, గడిచిన కాలానికి 'ఫర్' వాడాలి: సిన్స్ జూన్, ఫర్ త్రీ మంత్స్. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటు వల్ల 'డిస్కస్డ్ అబౌట్' పడుతుంది, అక్కడ అబౌట్ అక్కర్లేదు. 'నిన్ననే పంపాం' కాస్తా 'యెస్టర్డే ఓన్లీ' అవుతుంది. 'మాకు రెండు లారీలున్నాయి' అనేది 'వీ ఆర్ హావింగ్' అవుతుంది, 'వీ హావ్' చాలు. ఈ నాలుగూ చూసుకుంటే సగం ఉత్తరం బాగుపడుతుంది. 'ప్లీజ్ కైండ్లీ రిక్వెస్ట్' అని మూడు మర్యాదలు ఒకే వాక్యంలో కుక్కొద్దు, ఒక ప్లీజ్ చాలు.

కొట్టుకు వెళ్లేముందు చిన్న చీటీ మీద తెలుగులోనే రాసుకోండి. ఎవరికి రాస్తున్నాం, ఆయన హోదా ఏమిటి, పూర్తి అడ్రసు పిన్‌కోడుతో సహా (ఒంగోలు 523001, చీమకుర్తి 523226, ఇలా ఆరంకెలూ ఉండాలి). దేని గురించో బిల్లు నంబరుతో, తేదీతో. ఏం జరిగింది, మనకేం కావాలి, ఎప్పటిలోగా. ఏ కాగితాలు జతచేస్తున్నాం, ఎన్ని పేజీలు. ఇంతే. ఈ చీటీ లేకుండా నోటితో చెప్పుకుంటూ పోతే ఆపరేటరు చేతికి ముందొచ్చేది పాత ఫైల్లోని వాక్యమే. ఒక ఉత్తరంలో ఒకే కోరిక పెట్టండి. బాకీ అడుగుతూ, పనిలో పనిగా కొత్త రేటు పట్టీ కూడా అడిగితే, వాళ్లు రేటు పట్టీ పంపించి బాకీ సంగతి వదిలేస్తారు.

సబ్జెక్ట్ లైను మీద ఒక్క నిమిషం ఎక్కువ పెట్టండి. 'రిగార్డింగ్ పేమెంట్' అని వదిలేస్తే గుమాస్తా దాన్ని ఏ ఫైల్లోనైనా పెట్టేస్తాడు. 'పేమెంట్ ఓవర్‌డ్యూ: ఇన్‌వాయిస్ 118 ఆఫ్ 4 ఆగస్ట్ 2025' అంటే చదివే ముందే ఫైలు దొరుకుతుంది.

ఒక్కో వ్యాపారానికి ఒక్కో చిక్కు. గ్రానైటు వాళ్లది విదేశాలతో పని. 05/06/2025 అని రాస్తే మనకది జూన్ 5, అమెరికా కొనుగోలుదారుకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాయటమే దీనికి మందు. లక్షలు, కోట్లు అన్న మాటలు విదేశీయుడికి అర్థం కావు. కామాలు కూడా 12,50,000 అని కాక 1,250,000 అని పెట్టాలి, ముందు కరెన్సీ పేరు ఉండాలి. బ్లాకుల విషయం రాస్తే ప్రతి బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, ఘనపు మీటర్లు ఒక పట్టికలో పెట్టి వెనక జతచెయ్యాలి, పేరాలో కలిపేస్తే ఎవరూ సరిచూడలేరు. ఊరి పేరు స్పెల్లింగు మరీ ముఖ్యం. చీమకుర్తిని ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. జీఎస్టీ సర్టిఫికెట్లో ఏముందో అదే అన్ని చోట్లా ఉండాలి, లేకపోతే బ్యాంకులో కాగితాలు ఆగుతాయి.

రొయ్యల మేత మీద ఫిర్యాదు రాసేవాళ్లు 'ఫీడ్ క్వాలిటీ ఈజ్ వెరీ బ్యాడ్' అని ఊరుకుంటారు. బస్తా మీదున్న బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎన్ని బస్తాలు, ఏ చెరువుకు ఎప్పటినుంచి వేశారు, ఇంకా విప్పని బస్తాలు ఎన్ని ఉన్నాయి, ఇవి ఉంటే కంపెనీ శాంపిలు తీసుకోక తప్పదు. పొగాకు రైతులు పొగాకు బోర్డుకు రాసేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) నంబరు, వేలం కేంద్రం పేరు సబ్జెక్టులోనే పెట్టాలి.

బాకీ ఉత్తరాల్లో టైపింగ్ సెంటర్లు దాదాపు ఎప్పుడూ వదిలేసేది చట్టం. మీది ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ, సేవా సంస్థ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం మీకు అండ. సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. మొదటి ఉత్తరంలో ఇది రాయొద్దు, సంబంధం చెడుతుంది. రెండో ఉత్తరంలో ఉద్యం నంబరుతో పాటు ఒక్క వాక్యంగా పెట్టండి. బెదిరింపు మాటలు పది పెట్టినా ఈ ఒక్క సెక్షన్ నంబరు చేసే పని చెయ్యవు.

కంపెనీగా రిజిస్టరైనవాళ్లు లెటర్‌హెడ్ కూడా చూసుకోవాలి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 12 ప్రకారం పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య), ఫోను, ఈమెయిలు ఉత్తరాల మీద ఉండి తీరాలి. సెంటర్లో డిజైన్ చేయించే లెటర్‌హెడ్ల మీద దేవుడి బొమ్మకు చోటుంటుంది, సీఐఎన్ కనిపించదు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నదైతే 37తో మొదలవ్వాలి. ఒక అంకె తేడా వచ్చిందంటే అచ్చేసిన కట్టంతా వృథా.

ముగింపు మాటల్లో ఒక చిన్న పద్ధతి ఉంది. పైన 'డియర్ సర్' అంటే కింద 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరు పెట్టి 'డియర్ మిస్టర్ రావు' అంటే 'యువర్స్ సిన్సియర్లీ'. 'యువర్స్ ఒబీడియంట్లీ' వ్యాపార ఉత్తరానికి నప్పదు. సంతకం కింద పేరు, హోదా టైపు చేయించండి. ముద్ర వేస్తే పేరు మీద పడకుండా పక్కకు వెయ్యాలి.

ప్రూఫ్ తెర మీద చూసి సరే అనొద్దు. ఒక కాపీ మామూలు కాగితం మీద తీయించి, పెన్ను పట్టుకుని అంకెలన్నీ బిల్లుతో సరిచూడండి. స్పెల్‌చెక్ 'ఫ్రమ్' బదులు 'ఫామ్' పడితే పట్టుకోదు, రెండూ సరైన మాటలే కదా. కొన్నిచోట్ల తెలుగు పనికి వాడే పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లోనే ఇంగ్లీషు ఉత్తరం కూడా కొట్టేస్తారు. తర్వాత మీ ఆఫీసు కంప్యూటర్లో అది తెరుచుకోదు. వర్డ్ ఫైలు, పీడీఎఫ్ రెండూ అడిగి తీసుకోండి. బ్యాంకు అకౌంటు నంబర్లున్న ఉత్తరమైతే, మీ ఎదుటే డెస్క్‌టాప్ మీదనుంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయించండి. ఈ విషయంలో చాలా కొట్లలో పట్టింపు లేదు. పక్కవాళ్ల ఉత్తరాలు మీకు కనిపిస్తున్నాయంటే మీవి రేపొచ్చేవాళ్లకు కనిపిస్తాయి.

డబ్బు విషయం కూర్చునే ముందే తేల్చుకోవాలి. మీరు రాసిచ్చింది కొట్టటం వేరు, వాళ్లే మ్యాటర్ అల్లి కొట్టటం వేరు. రెండింటికీ పేజీకి ఎంతో, కరెక్షన్లకు విడిగా తీసుకుంటారో లేదో అడగండి. చీటీ ఉంటే మొదటి రేటుతో పని అయిపోతుంది.

ఉత్తరం చేతికొచ్చాక రెండు కాపీల మీదా సంతకం చేసి, స్థానిక ఆఫీసుకైతే స్వయంగా తపాలు సెక్షన్లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. దూరమైతే స్పీడ్ పోస్టు. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో దాంట్లోనే కలిపేసింది కాబట్టి, చేరినట్టు రుజువు కావాలని బుకింగ్ దగ్గరే అడగాలి. రసీదు మీది 13 అక్షరాల నంబరును ఆఫీసు కాపీ మూలన రాసి, రసీదును దానికే పిన్ చెయ్యండి.