నీలి నీళ్ళ బొమ్మ చూసి గోదావరి మొగలో పడవ ప్యాకేజీ కొనబోయేవారికి హెచ్చరిక

యానాం నుంచి కాకినాడ తీరం దగ్గరి హోప్ ఐలాండ్ వరకు ఒక రోజు ‘దీవుల విహారం’ అంటూ ఫోన్లలో తిరుగుతున్న ప్రకటనను నమ్మి, సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం మోసపోయింది. తెరచాప పడవలో ప్రయాణం, దీవి దగ్గర స్నార్కెలింగ్ (ముసుగు, గొట్టం పెట్టుకుని నీటి లోపల చూడడం), దారిలో గుహల సందర్శన, మధ్యాహ్నం దీవి మీద భోజనం అని ఆ ప్రకటనలో ఉంది. మనిషికి 4,500 రూపాయల చొప్పున ఆరుగురికి 27,000 అవుతుందని చెప్పి, అందులో సగం ముందుగానే ఫోన్ ద్వారా వేయించుకున్నారు. కాకినాడలో ఉన్న మా మిత్రుల కుటుంబాన్ని వేరే పడవలో దీవికి చేరుస్తామని వారి దగ్గరా విడిగా బయానా తీసుకున్నారు.

అసలు తప్పు నా దగ్గరే మొదలైందని ఒప్పుకోవాలి. కోనసీమలో పుట్టి పెరిగినవాణ్ణి. గోదావరి నీరు వరదల్లో ఎర్రగానూ, మిగతా రోజుల్లో సముద్రంలో కలిసే మొగల దగ్గర బూడిదరంగులోనూ ఉంటుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. అయినా అద్దంలాంటి నీలి నీటిలో పగడాల మధ్య చేపలు తిరుగుతున్న బొమ్మను చూసి, ఇది మన ఏటిమొగ ఎలా అవుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. పగడాలు పెరగాలంటే వెలుతురు దిగే తేట నీరు కావాలి. నది ఒండ్రు తెచ్చి పోసే చోట అవి బతకవు. అటువంటి నీరు కావాలంటే అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్ళాలి. ఇక గుహల సంగతి చెప్పనే అక్కరలేదు. ధవళేశ్వరం దిగువన గౌతమీ వసిష్ఠలు విడిపోయిన తరువాత సముద్రం దాకా ఉన్నదంతా ఆ నది మేటవేసిన మట్టీ ఇసుకే. గుహ పుట్టడానికి రాయి ఉండాలి కదా! గుహలు చూడాలనుకుంటే ఏలూరు జిల్లాలోని గుంటుపల్లికో, అరకు దారిలోని బొర్రాకో పోవాలి.

రేవులో మా కోసం నిలబడి ఉన్నది చేపల వాసన వదలని ఇంజను పడవ. దాని మీద తెరచాప కాదు కదా, ఎండకు పరదా కూడా లేదు. ఆరుగురికి నాలుగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు, వాటిలో మా ఎనిమిదేళ్ళ అమ్మాయికి సరిపోయేది ఒక్కటీ లేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ఘోరం తెలిసినవాళ్ళం అక్కడే వెనక్కి తిరగవలసింది. డబ్బు కట్టేశామన్న మొహమాటం మమ్మల్ని పడవ ఎక్కించింది. మొత్తం వ్యవహారంలో నేను ఇప్పటికీ క్షమించుకోలేనిది ఇదే.

పాయలోంచి కోరింగ మడ అడవుల్లోకి మళ్ళిన కాసేపటికి, రెండు వైపుల కొమ్మలూ పైన కలిసి నీడ కమ్మిన ఒక ఇరుకు కాలువలో పడవ ఆగింది. విక్రేత తరఫున మాతో వచ్చిన కుర్రవాడు “ఇదేనండి గుహ” అన్నాడు. సరంగు తల దించుకున్నాడు. ఆ మనిషిని నేను తప్పుపట్టను. “ఆయ్, నాకు డీజిలు ఖర్చూ మూడు గంటల కూలీ ఇచ్చారండి, దీవి మాటే చెప్పలేదండి. ఈ మట్టిలో గుహలెక్కడివండి?” అని ఉన్నమాట చెప్పాడు. నిజానికి ఆ మడ నీడ, బురదలో గంతులేసే చేపలు, నీటి మీద వాలిన కొంగలు ఎంతో ముచ్చటగా ఉన్నాయి. వాటిని వాటి పేరుతోనే అమ్మి ఉంటే సంతోషంగా డబ్బు ఇచ్చేవాళ్ళం.

అక్కడే మా అబ్బాయికి గీతలు పడిన ఒక కళ్ళద్దాల ముసుగు, గొట్టం ఇచ్చి నీళ్ళలో చూడమన్నారు. పడవ పక్కన వంగి ముఖం ముంచిన వాడికి తన అరచెయ్యే కనబడలేదు. ఈలోగా పాటు తీసి, పడవ అడుగు బురదలో దిగబడింది. మళ్ళీ పోటు వచ్చే దాకా దాదాపు మూడు గంటలు ఎండలో కూర్చున్నాం. పోటు పాట్ల వేళలు చూసుకోకుండా బయలుదేరదీయడం సరంగు పని కాదనీ, పది గంటలకే కదలాలని విక్రేత పట్టుబట్టాడనీ తరువాత తెలిసింది.

దీవి మీద దింపడానికి అనుమతి పత్రం ఏదని అడిగితే ఆ కుర్రవాడి దగ్గర జవాబు లేదు. హోప్ ఐలాండ్ కోరింగ అభయారణ్యం పరిధిలోనిది. జనవరి నుంచి అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ దిగి వంటలు చేసుకోవడం మోసపోవడంతో తీరదు, మనమే నేరంలో ఇరుక్కుంటాం. మా మిత్రుల కోసమైతే పడవే రాలేదు. వారు పిల్లలతో కాకినాడ రేవులో సాయంత్రం దాకా ఎదురుచూసి, చివరికి బస్సెక్కి యానాం వచ్చారు. దీవి మీద కలిసి తిందామని తీసుకెళ్ళిన ఆత్రేయపురం పూతరేకులు రాత్రి ఎనిమిదింటికి ఒక టీ కొట్టు బల్ల మీద విప్పితే సగానికి సగం పొడి అయిపోయి ఉన్నాయి.

డబ్బు తిరిగి అడిగితే “వాతావరణం అనుకూలించలేదు” అన్నారు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ప్రకటన బొమ్మ, చెల్లింపు రసీదు, లైఫ్ జాకెట్ల ఫొటోలు జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. అయిదు లక్షల లోపు చెల్లింపులకు అక్కడ దాఖలు రుసుము లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. ఇదే విధంగా నష్టపోయినవారు తమ రసీదులు పారేయవద్దు. ఇంకా కొననివారు బయానా వేయకముందే పడవ రిజిస్ట్రేషన్ నంబరు, అటవీ శాఖ అనుమతి, పిల్లల కొలత లైఫ్ జాకెట్లు, బయలుదేరే వేళకు పోటు ఉందో పాటు ఉందో రాతపూర్వకంగా అడగండి. నేను ఇవే ప్రశ్నలు మరో నంబరు నుంచి పంపితే, ఆ విక్రేత జవాబివ్వకుండా నన్ను బ్లాక్ చేశాడు.

నిన్న సాయంత్రం అదే నీలి నీళ్ళ బొమ్మతో, ధర 3,999కి తగ్గించిన ప్రకటన మా బావమరిది ఫోనుకు వచ్చింది. ఈసారి అందులో డాల్ఫిన్లు కూడా చేరాయి.