జాగ్రత్త: ‘లైఫ్‌టైమ్ అప్‌డేట్స్’ అంటూ అంటగడుతున్న పాత ప్రైవసీ ఫోన్లు

గూగుల్ సొంత బ్రాండైన పిక్సెల్ పాత ఫోన్లలో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, వేరే ఓఎస్ (ఫోన్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ‘ప్రైవసీ ఫోన్’ అని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అలాంటి ఒకాయన దగ్గర నేను పిక్సెల్ 4ఏ తీసుకున్నాను. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇదే సరుకు, ఇవే మాటలు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. డబ్బు కట్టేముందు ఒకసారి ఇది చదవండి.

ప్రకటనలో ఉన్నది ఇదీ: గూగుల్ నిఘా లేదు, లైఫ్‌టైమ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, బ్యాంక్ యాప్స్ అన్నీ పనిచేస్తాయి. ధర పద్నాలుగు వేలు.

ఫోన్ ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక వచ్చింది. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ అయి ఉంది, సాఫ్ట్‌వేర్‌కు భరోసా లేదు, ముఖ్యమైన డేటా ఏదీ ఇందులో పెట్టుకోవద్దు అని. ప్రైవసీ కోసం కొన్న ఫోను నాలో ఏమీ దాచుకోకండి అని తనే చెబుతోంది! ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అమ్మినాయన జవాబు: ‘అది అందరికీ వస్తుంది సార్, డెవలపర్ వార్నింగ్. కాసేపు ఆగితే పోతుంది.’

అందరికీ రాదు. బూట్‌లోడర్ లాక్ అయి ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ లోపలున్న ఓఎస్ అసలైనదేనా, ఎవరైనా మార్చారా అని ఫోన్ సరిచూసుకుంటుంది. లాక్ తీసేసి వదిలేస్తే ఆ కాపలా ఉండదు. ఫోన్ కాసేపు చేతికి చిక్కి, ఒక కేబుల్ ఉంటే చాలు, తెలిసినవాడు సిస్టమ్‌లో ఏదైనా కలపొచ్చు. పిక్సెల్ ఫోన్లకు ప్రైవసీ కోసం చేసిన గ్రాఫీన్ ఓఎస్ లాంటివాటిని పద్ధతిగా ఎక్కిస్తే చివర్లో బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేస్తారు. అప్పుడు వచ్చేది పసుపు గుర్తున్న స్క్రీన్. వేరే ఓఎస్ లోడ్ అవుతోందని చెప్పి, కింద ఒక పొడవాటి ఐడీ చూపిస్తుంది. దాన్ని ఆ ఓఎస్ వాళ్ల సైట్‌లో ఉన్నదానితో పోల్చి చూసుకోవచ్చు. కొనేముందు ఆన్ చేసేటప్పటి వీడియో పెట్టమనండి. పెట్టనంటే ఆ బేరం వదిలేయండి.

అసలు మోసం సెట్టింగ్స్‌లో దొరికింది. అబౌట్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే అక్కడ రెండు తేదీలు ఉన్నాయి. పైన ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్, తేదీ కొత్తదే. ప్రకటనలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టింది అంతవరకే. దాని కింద వెండర్ సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ అని ఇంకో లైను. అది 2023లోనే ఆగిపోయి ఉంది.

ఈ రెండో తేదీ చిప్‌లను, హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ది. దీని గురించి ఎవరూ చెప్పరు. ఆండ్రాయిడ్‌లో పెద్ద భాగం ఓపెన్ సోర్స్ కాబట్టి, కంపెనీ వదిలేసినా బయటి డెవలపర్లు దాన్ని సరిచేస్తూ ఉండగలరు. కానీ మొబైల్ నెట్‌వర్క్‌తో కలిపే మోడెమ్ లాంటి చిప్‌ల లోపల నడిచే ఫర్మ్‌వేర్ మూసిపెట్టిన సరుకు. చిప్ తయారుచేసినవాళ్లు, ఫోన్ కంపెనీ కలిసి ఇస్తే తప్ప దానికి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, రాదు. 4ఏ వచ్చింది 2020 ఆగస్టులో. గూగుల్ ఇచ్చిన హామీ మూడేళ్లు, అంటే 2023 ఆగస్టు వరకు. ఆ తర్వాత ఎంత గొప్ప ఓఎస్ ఎక్కించినా ఫర్మ్‌వేర్ అక్కడే ఉంటుంది. గ్రాఫీన్ ఓఎస్ వాళ్లయితే ఈ మాట దాచకుండా చెబుతారు. దాస్తున్నది మధ్యలో ఉన్న అమ్మకందార్లే.

మోడెమ్‌లో లోపం ఉంటే మనకేంటి అనుకోకండి. 2023 మార్చిలో గూగుల్‌లో భద్రతా లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం శాంసంగ్ ఎక్సినోస్ మోడెమ్‌లలో 18 లోపాలు బయటపెట్టింది. వాటిలో నాలుగు ఎంత తీవ్రమైనవంటే, ఫోన్ నంబర్ తెలిస్తే చాలు, మనం ఏ లింకూ నొక్కకపోయినా దూరం నుంచే మోడెమ్‌ను ఆడించొచ్చు. పిక్సెల్ 6, 7 సిరీస్‌లకు కూడా ఆ గండం తగిలింది. ప్యాచ్ వచ్చేదాకా వైఫై కాలింగ్, VoLTE (4జీ మీద వాయిస్ కాల్స్) ఆపుకోమని అప్పట్లో సలహా ఇచ్చారు. అవి సపోర్ట్‌లో ఉన్న ఫోన్లు కాబట్టి అప్‌డేట్ వచ్చింది. గడువు దాటిన ఫోన్‌లో అలాంటిది బయటపడితే దిక్కెవరు?

4ఏలో బ్యాటరీ గోల వేరే ఉంది. 2025 జనవరిలో గూగుల్ తనంతట తానే పాత 4ఏలకు ఒక అప్‌డేట్ పంపి, కొన్నిటిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గించేసింది. తర్వాత ఆస్ట్రేలియాలో రీకాల్ నోటీసు వస్తే, బ్యాటరీ వేడెక్కి మంటలు రావచ్చన్న సంగతి అందులో ఉంది. ఓఎస్ మార్చిన ఫోన్‌కు గూగుల్ పంపే అప్‌డేట్ నేరుగా రాదు. అంటే మనం కొనే ఫోన్‌లో ఉన్నది ఏ బ్యాటరీయో కూడా తెలియదు. హైదరాబాద్ ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో తెలిసిన మెకానిక్‌కు చూపిస్తే వెనక్కి తిప్పి, అంచు దగ్గర గోరు పెట్టి చూశాడు. ‘ఇప్పుడైతే ఉబ్బలేదన్నా, కానీ దిండు కింద మాత్రం పెట్టకు’ అన్నాడు.

ఇక బ్యాంక్ యాప్. తెరవగానే ఈ డివైస్ సురక్షితం కాదని చెప్పి మూసుకుపోయింది. ఇందులో బ్యాంకును తప్పుపట్టలేను.

ఇంకో సంగతి, ఓఎస్ చేసేవాళ్లు కూడా ఆగిపోవచ్చు. పాత ఫోన్లను బతికించిన డైవెస్ట్ ఓఎస్ 2024 డిసెంబర్‌లో మూతపడింది. కాలిక్స్ ఓఎస్ 2025 ఆగస్టులో అప్‌డేట్లు ఆపేసి, మళ్లీ మొదలయ్యేదాకా వేరే ఓఎస్‌కు మారమని వాడేవాళ్లకు తనే చెప్పింది. కాబట్టి లైఫ్‌టైమ్ అని ఎవరన్నా అంటే, ఎవరి లైఫ్‌టైమ్ అని అడగండి.

ఇప్పటికే ఇలాంటి ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు ఏం చేయాలి? జర్నలిస్టులు, లాయర్లు, తమ మీద ఎవరో కన్నేశారని నిజంగా అనుమానం ఉన్నవాళ్లు ఆలోచించకుండా మారిపోండి. మిగతావాళ్లు ఇవాళే పారేయక్కర్లేదు. ముందు ఓటీపీలు వచ్చే సిమ్, యూపీఐ, మెయిన్ ఈమెయిల్ వేరే ఫోన్‌కు మార్చేసుకోండి. ఆ తర్వాత పాటలకో, పుస్తకాలకో ఇంట్లో వాడుకుంటే డేటా పరంగా పెద్ద నష్టం లేదు. గూగుల్ ఫ్లాష్ టూల్‌తో (కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే సాధనం) మళ్లీ గూగుల్ సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కించి బూట్‌లోడర్ లాక్ చేసుకోవచ్చు. ఆ నల్ల స్క్రీన్ పోతుంది, కానీ గడువు ముగిసిన సంగతి మారదు. వేరే ఓఎస్ ఉండగా తెలియక లాక్ కొడితే మాత్రం ఫోన్ బ్రిక్ అయి, అంటే అసలు పనిచేయకుండా, కూర్చోవచ్చు, జాగ్రత్త.

నాన్నకిచ్చేద్దాంలే అనే ఆలోచన మాత్రం వద్దు. మన ఇళ్లలో పాత ఫోన్ పోయేది అక్కడికేగా. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో మోసపు యాప్‌లు ఎక్కించే ఏపీకే ఫైళ్లు వచ్చి పడేదీ వాళ్లకే.

కొత్తగా కొనేవాళ్లు ఓఎస్ పేరు కంటే ముందు ఫోన్‌కు అప్‌డేట్లు వచ్చే గడువు చూడండి. గూగుల్ సపోర్ట్ పేజీలోనే తేదీలు ఉన్నాయి: పిక్సెల్ 6కు 2026 అక్టోబర్, 6ఏకు 2027 జులై, 7కు 2027 అక్టోబర్, 7ఏకు 2028 మే. పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు ఇస్తున్నారు కాబట్టి 8కు 2030 అక్టోబర్, 8ఏకు 2031 మే. నా లెక్కలో అయితే 8ఏ కంటే పాతదానికి డబ్బు పెట్టడం దండగ. పిక్సెల్ 6ను గూగుల్ మన దేశంలో అధికారికంగా అమ్మనేలేదు, ఇక్కడ దొరికేవి బయటి నుంచి వచ్చినవి. అమెరికాలో మొబైల్ నెట్‌వర్క్ కంపెనీలు అమ్మిన ఫోన్లలో కొన్నిటికి బూట్‌లోడర్ లాక్ తీయనిచ్చే ఓఈఎమ్ అన్‌లాకింగ్ బటన్ పనిచేయదు, వాటిలో ఓఎస్ మార్చడమే కుదరదు. సెకండ్ హ్యాండ్ ఏదైనా సరే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) తీసుకుని, కేవైఎం (KYM) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, స్పేస్ ఇచ్చి ఆ నంబర్ వేసి 14422కు మెసేజ్ పెట్టండి. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది. గ్రాఫీన్ ఓఎస్ ఎక్కించడానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. బ్రౌజర్‌లోంచే ఉచితంగా చేసుకోవచ్చు, కంప్యూటర్, మంచి కేబుల్ ఉంటే చాలు.

నా విషయానికొస్తే, అమ్మినాయన మొదట ‘ఓపెన్ బాక్స్, నో రిటర్న్’ అన్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక స్వరం మారింది, ఆరు వేలకు వెనక్కి తీసుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, బిల్లు, ఆ నల్ల స్క్రీన్ వీడియో అన్నీ దాచి ఉంచాను. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, వస్తువుకు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేస్తున్నాను. ఇదే రకం ఫోన్ కొని ఇరుక్కున్నవాళ్లు ప్రకటన మాయం కాకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.