టొరంటోకి రెండు ఎయిర్‌పోర్టులున్నాయి: అమ్మానాన్నలకి టికెట్ కొనేవాళ్ళూ, జాగ్రత్త

కెనడాలో ఉన్న మనవాళ్ళందరికీ, ముఖ్యంగా ఒట్టావా, మాంట్రియల్, హాలిఫాక్స్ వైపు ఉంటూ అమ్మానాన్నల్ని టొరంటో మీదుగా ఇండియా పంపేవాళ్ళకి ఇది రాస్తున్నాను. పోయిన నెల మా అమ్మ పడ్డ అవస్థ ఇంకెవరూ పడకూడదు.

అమ్మ ఆర్నెల్లు ఒట్టావాలో చెల్లి దగ్గర ఉంది. తిరుగు ప్రయాణం ఒట్టావా నుంచి టొరంటో, అక్కణ్ణుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి హైదరాబాద్. నేను టొరంటో పక్కనే బ్రాంప్టన్‌లో ఉంటాను కాబట్టి టొరంటో పెద్ద ఎయిర్‌పోర్టు పియర్సన్‌లో అమ్మని కలిసి, కాసేపు కూర్చుని, సెక్యూరిటీ దాకా తోడెళ్ళి పంపుదామనుకున్నాను. టికెట్ ఒక ఏజెంటు దగ్గర కొన్నాం. తెలుగాయనే, వ్యవహారమంతా వాట్సాప్‌లోనే. పేరు ఇక్కడ రాయడం లేదు. మిగతాచోట్లకంటే 210 డాలర్లు తక్కువకి ఇచ్చాడు. ఆయన పంపిన కాగితంలో టొరంటో చేరేది సాయంత్రం 5:25కి అనీ, టొరంటోలో బయల్దేరేది రాత్రి 9:30కి అనీ ఉంది. మధ్యలో నాలుగు గంటలు, హాయిగా సరిపోతుందనుకున్నాం.

ఆ రోజు ఐదుకల్లా నేను పియర్సన్‌లో ఉన్నాను. బోర్డు మీద ఒట్టావా విమానాలున్నాయి గానీ నంబరు దేనితోనూ కలవడం లేదు. చెల్లికి ఫోన్ చేస్తే టొరంటోలో పొగమంచట, గంట ఆలస్యంగా వదిలారంది. ఆరున్నరకి అమ్మ ఫోన్ చేసింది.

"దిగాను నాన్నా. విమానం నీళ్ళలో దిగుతోందేమోనని ప్రాణం పోయిందనుకో. చుట్టూ నీళ్ళే ఉన్నాయేంటి? ఆ పొడుగాటి టవర్ ఇక్కడే ఉంది. నువ్వు ఏ గుమ్మం దగ్గరున్నావు?"

నాకు చెమటలు పట్టాయి. పొడుగాటి టవర్ అంటే డౌన్‌టౌన్‌లో ఉండే సీఎన్ టవర్. అది అమ్మకి అంత దగ్గరగా కనబడిందంటే, తను దిగింది పియర్సన్‌లో కాదు. డౌన్‌టౌన్ ఒడ్డున, ఒంటారియో సరస్సులో దీవి మీదున్న బిల్లీ బిషప్ ఎయిర్‌పోర్టులో. నాకూ అమ్మకీ మధ్య దాదాపు 25 కిలోమీటర్ల దూరం, అదీ సాయంత్రం ట్రాఫిక్‌లో.

ఆ ఎయిర్‌పోర్టు గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 1939 నుంచీ ఉంది. దీవికీ ఒడ్డుకీ మధ్య ఉన్నది 120 మీటర్ల నీళ్ళే, అయినా వంతెన లేదు. కడతామన్నారు, 2003లో మేయర్ ఎన్నికలు దాని మీదే జరిగాయి, వద్దన్న డేవిడ్ మిల్లర్ గెలిచారు, వంతెన ఆగిపోయింది. ఇప్పటికీ బండ్లు దాటాలంటే ఫెర్రీయే. నడిచేవాళ్ళకి 2015లో సరస్సు అడుగున సొరంగం తెరిచారు. ఒడ్డునుంచి లిఫ్టులో బాగా లోతుకి దిగి, కదిలే బాట మీద సుమారు 260 మీటర్లు వెళ్ళి, అవతల ఎస్కలేటర్లెక్కి పైకి రావాలి. చేతిసంచీతో ఒక మీటింగుకి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళేవాళ్ళకి అంత సుఖమైన ఎయిర్‌పోర్టు ఇంకోటి లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మా అమ్మ దగ్గర 23 కిలోల పెట్టెలు రెండు, భుజానికో బ్యాగు ఉన్నాయి. ఏజెంటు వీల్‌చెయిర్ ఢిల్లీ విమానానికి మాత్రమే పెట్టాడు, ఒట్టావా విమానానికి పెట్టలేదు.

అమ్మ పెట్టెల పిడులకి తన పాత చీర అంచు చింపి ముడేసుకుంది, బెల్టు మీద గుర్తుపట్టడానికి. ఆ గుర్తు చూసి అక్కడ పనిచేసే ఒక అమ్మాయి పెట్టెలు దించి, తోపుడు బండి మీద పెట్టి, సొరంగం దాటించి టాక్సీ దాకా తెచ్చిందట. ఆ పిల్ల ఎవరో తెలియదు, చల్లగా ఉండాలి. టాక్సీ ఆయన హిందీ మాట్లాడాడు కాబట్టి ఫోన్‌లో నేను చెప్పింది అర్థం చేసుకున్నాడు. కానీ ఆ వేళప్పుడు గార్డినర్ హైవే మీద బండ్లు కదిలితేనా? అమ్మ పియర్సన్ చేరేసరికి 8:40. కౌంటరు విమానానికి గంట ముందు, 8:30కే మూసేశారు. పది నిమిషాలు. కౌంటరు ముందు నేను బతిమాలుతుంటే అమ్మ పెట్టె మీద కూర్చుని, "పోనీలే నాన్నా, రేపు వెళ్తాలే" అంటూ నన్నే ఓదార్చింది. రేపు వెళ్ళడానికి ఆ టికెట్ ఇంక లేదని తనకి ఎలా చెప్పను?

అసలు మోసం ఇక్కడుంది. ఏజెంటు అమ్మింది ఒక టికెట్ కాదు, రెండు. ఒట్టావా నుంచి దీవికి ఒకటి, పియర్సన్ నుంచి హైదరాబాద్‌కి వేరే ఒకటి. రెండింటినీ ఒకే కాగితం మీద అతికించి పంపాడు. మొదటి విమానంవాళ్ళ బాధ్యత దీవి మీద దింపడంతో అయిపోయింది. రెండోవాళ్ళ లెక్కలో అమ్మ రాని ప్రయాణికురాలు. రానివాళ్ళకి టికెట్ మొత్తం పోతుంది, ఢిల్లీ నుంచి హైదరాబాద్ ముక్కతో సహా. మర్నాటికి కొత్త టికెట్ 1,640 డాలర్లు పెట్టి కొన్నాను. ఏజెంటుని అడిగితే, "టొరంటో అనే కదా రాశాను, టొరంటోలోనే దింపారు కదా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

విమానాలవాళ్ళని పరిహారం అడగొచ్చు కదా అని చాలామంది అడిగారు. కెనడాలో 2019 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పెద్ద ఎయిర్‌లైన్స్ తమ తప్పు వల్ల 3 గంటలు ఆలస్యం చేస్తే 400 డాలర్లు, 6 గంటలైతే 700, 9 దాటితే 1,000 ఇవ్వాలి. ఆలస్యాన్ని లెక్కగట్టేది ఆ టికెట్‌లో ఉన్న చివరి ఊరికి చేరిన టైముని బట్టి. మా మొదటి టికెట్‌లో చివరి ఊరు ఆ దీవే. ఆలస్యం గంటే, కారణం పొగమంచు. పైసా రాదు. అంతా ఒకే టికెట్ అయ్యుంటే, పొగమంచైనా సరే, ఎయిర్‌లైన్ వాళ్ళే ఇంకో విమానంలో హైదరాబాద్ చేర్చాల్సి ఉండేది. 210 డాలర్ల తగ్గింపు కోసం మేం వదులుకున్నది ఆ హక్కుని.

అందుకని టికెట్ చేతికొచ్చాక ఊరి పేరు చూడకండి, మూడక్షరాల కోడ్ చూడండి. పియర్సన్ వై-వై-జెడ్. దీవి వై-టి-జెడ్. ఒక్క అక్షరం తేడా. వెతికేటప్పుడు వై-టి-ఓ అని పెడితే రెండూ కలిసే వస్తాయి, చవకైంది పైకి వస్తుంది, మనం నొక్కేస్తాం. ఎయిర్‌లైన్ పేరు చూసి ఊహించడం కూడా ఇప్పుడు కుదరదు. 2006లో ఆ దీవి మీద మొదలైన పోర్టర్ 2023 నుంచి పియర్సన్‌లోనూ ఎగురుతోంది. ఎయిర్ కెనడా కూడా రెండుచోట్లా ఉంది. అయితే ఒక గుర్తు మాత్రం గట్టిది. 1983లో నగరం, కేంద్ర ప్రభుత్వం, హార్బర్ సంస్థ కలిసి చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆ దీవి మీద ప్రయాణికుల జెట్ విమానాలు దిగకూడదు. రన్‌వే కూడా సుమారు 1,200 మీటర్లే. అక్కడికొచ్చేవి రెక్కలకి పంకాలుండే క్యూ-400లు. మీ టికెట్‌లో ఎంబ్రాయర్, ఎయిర్‌బస్, బోయింగ్ అని ఉంటే అది దీవి కాదు. క్యూ-400 లేదా డ్యాష్-8 అని ఉంటే మాత్రం కోడ్ మళ్ళీ చూడండి.

ఆ ఎయిర్‌పోర్టుకి రాత్రి 11 నుంచి ఉదయం 6:45 దాకా విమానాల రాకపోకలుండవు, అంబులెన్సు విమానాలకి తప్ప. రాత్రి చివరి విమానం పట్టుకుని తెల్లారి పియర్సన్‌లో ఇంకోటి ఎక్కుదాం అనుకునేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోండి.

ఇప్పటికే అలాంటి టికెట్ కొనేసి ఉంటే టాక్సీని నమ్ముకోకండి. దీవి ఎదుట ఒడ్డునుంచి యూనియన్ స్టేషన్ దగ్గరికి ఎయిర్‌పోర్టు వాళ్ళ ఉచిత బస్సుంది. యూనియన్ నుంచి యూపీ ఎక్స్‌ప్రెస్ రైలు 25 నిమిషాల్లో పియర్సన్ ఒకటో టెర్మినల్లో దింపుతుంది, ట్రాఫిక్‌తో పని లేదు. ఇది నాకు ఆ రోజే తెలిసుంటే అమ్మ విమానం ఎక్కేది. పెద్దవాళ్ళైతే ఎవరో ఒకరు పియర్సన్‌కి కాకుండా దీవి దగ్గరికే ఎదురెళ్ళండి. వీల్‌చెయిర్ ప్రతి విమానానికీ విడివిడిగా పెట్టించండి.

ఏజెంటు సంగతి. ఒంటారియోలో టికెట్లమ్మే ఏజెన్సీలు ట్రావెల్ ఇండస్ట్రీ కౌన్సిల్ ఆఫ్ ఒంటారియోలో నమోదై ఉండాలి, టీకో అంటారు. పేరు కొట్టి వాళ్ళ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మేం డబ్బు కట్టినాయన అందులో లేడు, అసలు ఈ దేశంలోనే లేడు. మన భాష మాట్లాడాడని, ఎవరో గ్రూపులో మంచివాడన్నారని నమ్మేశాం. డబ్బు పంపేముందు ఒక్క ప్రశ్న అడగండి: "బుకింగ్ నంబర్లు ఎన్ని?" ఒకటి అనకుండా ఇంకేం చెప్పినా వదిలేయండి.

అక్టోబర్లో అత్తయ్య, మామయ్య ఒట్టావా నుంచి విజయవాడ వెళ్తున్నారు. నిన్న రాత్రి వాళ్ళ టికెట్ తెరిచి చెల్లీ నేనూ ఫోన్‌లో అక్షరం అక్షరం చదువుకున్నాం. వై-వై-జెడ్‌లో దిగి వై-వై-జెడ్‌లోనే ఎక్కుతారు, బుకింగ్ నంబరు ఒకటే, వీల్‌చెయిర్ మూడు విమానాలకీ ఉంది.