పీక్ ఫ్లో మీటరు, స్పేసరు: ఉబ్బసంతో మారథాన్ సాధనలో మూడేళ్ళు వాడాక

లాంగ్ రన్ రోజు పొద్దున్నే వాచీ కన్నా ముందు పీక్ ఫ్లో మీటరు, అంటే ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పరికరం, పట్టుకోవాలి. ఛాతీ పట్టేసినట్టున్నా వాచీ ఆక్సిజన్ 97 అనే చూపిస్తుంది. ఉబ్బసంలో అది పడిపోయేది బాగా ముదిరాకే. ఊదే వేగం మాత్రం చాలాసార్లు పిల్లికూతలు వినబడకముందే తగ్గుతుంది.

మీటరంటే ఒక ప్లాస్టిక్ గొట్టం, లోపల స్ప్రింగు, పైన జరిగే ముల్లు. బ్యాటరీ గొడవ లేదు. ముల్లును సున్నాకు దించి, నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె (నిమిషానికి లీటర్లలో) రాసుకోవాలి, సగటు కాదు. వేలు ముల్లుకు అడ్డం పడితే తక్కువ చూపిస్తుంది. నాలుకతో ఉమ్మినట్టు ఊదినా, మధ్యలో దగ్గినా లేని బలం చూపిస్తుంది. పెద్దవి రెండింటి మధ్య 40 దాటి తేడా వస్తే మళ్ళీ ఊదాల్సిందే.

డబ్బాలో వచ్చే పట్టిక పక్కన పెట్టండి. ఒంట్లో బాగున్నప్పుడు రెండు వారాలు రెండుపూటలా ఊదితే వచ్చే గరిష్ఠమే మీ కొలత. అది 480 అయితే, 384 (అందులో 80 శాతం) పైన ఉన్న రోజు అనుకున్న పరుగు పరుగే. 384కీ 240కీ మధ్య ఉంటే బూట్లు విప్పేసి డాక్టరు రాసిచ్చిన ప్రణాళిక తీయాలి. 240 (సగం) కింద అయితే రిలీవర్ (వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలరు) తీసుకుని నేరుగా ఆసుపత్రికే. పొద్దుటి అంకె సాయంత్రం దానికన్నా సహజంగానే తక్కువ, అందుకే పొద్దును పొద్దుతోనే పోల్చాలి. మీటరు మారిస్తే లెక్క మళ్ళీ మొదటికి.

దీనికో లోపం ఉంది. పరుగుతో వచ్చే బిగుతు విశ్రాంతిలో ఊదితే దొరకదు. అది ఎక్కువగా ఆగిన 5 నుంచి 15 నిమిషాలకు ముదురుతుంది; వేగంగా పీల్చిన పొడిగాలికి శ్వాసనాళాల తడి ఆరిపోవడమే కారణం. పరుగుకు ముందు 470, ఆగిన పది నిమిషాలకు 390 వస్తే 17 శాతం పడినట్టు. ఆ రెండంకెలూ డాక్టరుకు చూపించాలి.

స్పేసరంటే ఇన్‌హేలరుకూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం. దాని దగ్గర జరిగే పొరపాటు కడగడంలోనే. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్ పట్టి, మందు గోడలకే అంటుకుంటుంది. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీసి, తుడవకుండా ఆరనివ్వాలి. ఒక్కో పఫ్‌కూ ఇన్‌హేలరు ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టి పీల్చడం దండగ. మెల్లగా పీల్చి పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే తర్వాత పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నోట్లో తెల్లపూత.

పరుగుకు 15 నిమిషాల ముందు రెండు పఫ్‌ల సాల్బుటమాల్ (రిలీవర్ మందు) చాలామందికి రాసిచ్చేదే. కానీ దాని అవసరం రోజురోజుకీ పెరుగుతోందంటే రోజువారీ మందు చాలడం లేదని. ఒక్క సాల్బుటమాల్ మీదే నెట్టుకురావద్దని గినా (ఉబ్బసంపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. పోటీలకెళ్ళేవాళ్ళకు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) పెట్టిన సాల్బుటమాల్ పరిమితి 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకూడదు. పఫ్‌కు 100 చొప్పున లెక్కేసుకోండి.

వార్మప్‌లో 10–15 నిమిషాలు, మధ్యలో అరనిమిషం చొప్పున కొన్ని వేగపు పరుగులు పెడితే కొందరికి తర్వాతి గంటా రెండు గంటలు బిగుతు తక్కువ. అందరికీ పనిచెయ్యదు. హైదరాబాద్‌లో చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము నేలకు అంటుకునే ఉంటాయి, పైగా రోడ్లు ఊడ్చే వేళ. డిసెంబరులో ఎండెక్కాక బయల్దేరితే నయం.

ఇన్‌హేలరును బెల్టు జేబులో మూత లేకుండా పెడితే నూగు చేరి, అది పఫ్‌తో పాటు గొంతులోకి పోతుంది. కారులో ఎండకు వదలొద్దు. కౌంటర్ లేని డబ్బాను నీళ్ళలో తేల్చి ఎంత మిగిలిందో చూడటం ఉత్త భ్రమ. కొట్టిన పఫ్‌లు అట్ట మీద గీతలు పెట్టి లెక్కపెట్టుకోవాలి, 200 పఫ్‌ల డబ్బా అయితే 200 కాగానే పారేయాలి, ఇంకా బుస్సుమంటున్నా సరే.