పాలకొల్లు ల్యాప్‌టాప్ షాపు: మదర్‌బోర్డు పోయిందన్నది 1,500తో బాగైంది

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పొద్దున్నే అయిదున్నరకి డల్లాస్‌లో ఉన్న మన పిల్లలకి లెక్కలు, తెలుగు చెప్తాను, చలికాలంలో వాళ్ళకి అప్పుడు సాయంత్రం ఆరవుతుంది. ఇల్లు గడిచేది దీనిమీదే, అందుకే ఈ రివ్యూ కాస్త పెద్దదైనా మొత్తం రాస్తున్నాను, ఎవరికైనా ఇదే కంప్లైంట్ వస్తే పనికొస్తుంది.

కార్తీకమాసంలో, నాలుగు రోజులు ముసురు పట్టి వదిలిన తర్వాత, క్లాసు ఓపెన్ చేస్తే కెమెరా లేదు. ఆఫ్ అయిపోయి ఉండటం కాదు, అసలు కెమెరా అనేదే ఈ ల్యాప్‌టాప్‌కి లేదన్నట్టు చూపిస్తుంది. మైకు పేరు లిస్టులో ఉంది గానీ నా గొంతు అవతలకి వెళ్ళట్లేదు, పోనీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుందాం అంటే బ్లూటూత్ బటనే మాయం. వైఫై మాత్రం శుభ్రంగా నడుస్తుంది, కీబోర్డు, టచ్‌ప్యాడ్ అన్నీ బానే ఉన్నాయి. ఆ పూటకి ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి క్లాసు అయిందనిపించాను.

ముందు దగ్గర్లో ఒక షాపులో ఇచ్చాను, ఏ ఊరో ఏ షాపో రాయను. రెండ్రోజులు ఉంచుకుని, నన్ను ఒక్క మాట అడక్కుండా విండోస్ మొత్తం తీసేసి కొత్తది వేసేశారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న వర్క్‌షీట్లన్నీ పోయాయి, ఒక్కో పిల్లాడు ఎక్కడ తప్పులు చేస్తున్నాడో చూసుకుని వాడికి తగ్గట్టు రాత్రుళ్ళు కూర్చుని చేసుకున్నవి అవి. అంతా చేసి చివరికి "మూడూ ఒకేసారి పోయాయంటే మదర్‌బోర్డేనండి, 14 వేలవుద్ది, దానికన్నా కొత్తది కొనుక్కోండి" అన్నారు, 700 తీసుకున్నారు. ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

మా ఆడపడుచు వాళ్ళది పాలకొల్లు. తనే చెప్పింది, గుడి దగ్గర ఒకాయన ఉన్నాడు వదినా, ఉన్నదున్నట్టు చెప్తాడు, ఒకసారి చూపించు అని. సరేనని ల్యాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుని, మా ఆయన బండి మీద దిండి మీదుగా చించినాడ వంతెన దాటి వెళ్ళాం. తీరా చూస్తే అది కార్తీక సోమవారం, పంచారామాల బస్సులు బారులు తీరి ఉన్నాయి, క్షీరారామం గోపురం ఎదురుగా కనబడుతుంది గానీ ఆ నాలుగడుగులు వెయ్యడానికి అరగంట పట్టింది.

షాపు చాలా చిన్నది. ఒక బల్ల, లైటున్న భూతద్దం, చిన్న చిన్న స్క్రూల్ని వరసగా పెట్టుకోడానికి పాత మందుల డబ్బా మూతలు. ఆయనకి యాభై ఏళ్ళుంటాయి. నేను మదర్‌బోర్డు పోయిందంటండి అని మొదలుపెడితే, "అది తర్వాత చూద్దాం మేడం గారూ, ముందు ఏమేం పోయాయి, ఏమేం పనిచేస్తన్నాయి, రెండూ చెప్పండి" అన్నారు. ఈ ప్రశ్న మొదటి షాపులో ఎవరూ అడగలేదు.

నేను చెప్పింది ఒక చీటీ మీద రెండు వరసలుగా రాసుకుని, ముందు ఎఫ్ కీల వరసలో కెమెరా బొమ్మ ఉన్న కీ ఉందేమో చూశారు. కొన్ని మోడళ్ళలో ఆ కీ నొక్కితే కెమెరా సిస్టం నుంచే మాయమైపోద్దట, పాడైందని జనం పట్టుకొస్తారట. మాదానికి ఆ కీ లేదు. తర్వాత బయోస్‌లోకి (విండోస్ మొదలవ్వకముందే వచ్చే సెట్టింగులు) వెళ్ళి కెమెరా, బ్లూటూత్ ఎనేబుల్‌లో ఉన్నాయా లేదా చూశారు, ఉన్నాయి. విండోస్ సెట్టింగుల్లో ప్రైవసీ దగ్గర కెమెరా ఆపేస్తే యాప్‌లకి అందదు గానీ డివైస్ మేనేజర్‌లో (ల్యాప్‌టాప్‌కి ఉన్న పరికరాల లిస్టు) పేరు కనబడాలి, మీదాంట్లో పేరే లేదంటే లోపల దాకా చూడాలి అన్నారు. డివైస్ మేనేజర్‌లో వ్యూ నొక్కి షో హిడెన్ డివైసెస్ పెడితే, పాత వాటి పేర్లు వెలిసిపోయిన రంగులో కనబడతాయట, అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు తగలట్లేదు అని అర్థం. కానీ విండోస్ కొత్తగా వేసేశారు కాబట్టి ఆ ఆనవాలు కూడా మిగల్లేదు.

తర్వాత ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో సిస్టం) ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి దాంట్లోంచి ఆన్ చేశారు, లోపలున్న విండోస్‌ని ముట్టుకోలేదు. నల్ల స్క్రీన్ మీద ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొట్టి యూఎస్‌బీ మీద తగిలి ఉన్నవాటి లిస్టు చూపించారు. కెమెరా లేదు, బ్లూటూత్ లేదు. "రెండు సిస్టమ్స్‌లోనూ లేవంటే ఇది విండోస్ రోగం కాదు, డ్రైవర్ రోగం కూడా కాదు" అన్నారు (డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్). అంటే నా వర్క్‌షీట్లు ఊరికే పోయాయన్నమాట. ఆ మాట నేను పైకనలేదు గానీ ఆయనకి అర్థమైనట్టుంది, ఒక నిమిషం ఏం మాట్లాడలేదు.

ఇక్కడ ఆయన చెప్పింది బాగా గుర్తు పెట్టుకున్నాను. కెమెరా, బ్లూటూత్ రెండూ లోపల యూఎస్‌బీ మీదే నడుస్తాయి, మనం బయట పెన్‌డ్రైవ్ గుచ్చినట్టే ఇవి లోపల ఎప్పుడూ గుచ్చే ఉంటాయి. వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, అగ్గిపెట్టె కంటే చిన్నది, కానీ వైఫై పీసీఐ అనే వేరే దారిలో వెళ్తే బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో వెళ్తుంది, అందుకే ఒకటి నడిచి రెండోది పోతుంది. మరి యూఎస్‌బీ మొత్తం పోయిందేమో అంటే, బయట ఉన్న మూడు పోర్టుల్లోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూపించారు, మూడూ తీసుకున్నాయి. "మదర్‌బోర్డు అనెయ్యడానికి ఆధారం ఏదండీ ఇక్కడ?" అన్నారు.

అప్పుడు వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ పీకి, చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నారు. షట్‌డౌన్ చేసినా బ్యాటరీ ఉన్నంతసేపు ఆ కార్డుకి సన్నగా కరెంటు అందుతానే ఉంటదట, అది బిగుసుకుపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లేవదట. మళ్ళీ పెట్టి ఆన్ చేస్తే బ్లూటూత్ వచ్చేసింది! ఒక్క పైసా సామాను వెయ్యకుండా. నేను అక్కడే కూర్చుని నా ఇయర్‌ఫోన్ కనెక్ట్ చేసుకుని చూసుకున్నాను.

కెమెరా రాలేదు. "కెమెరా, మైకూ కలిసి పోయాయి కదా, రెండూ మూతలోనే ఉంటాయి, రెంటి తీగలూ ఒకే కేబుల్లో మూత తిరిగే ఈ హింజి లోంచి కిందకి దిగుతాయి" అని చెప్పి, ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండగానే స్క్రీన్ని మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి వంచారు. సగం దాకా వచ్చేసరికి టిడింగ్ అని పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. డివైస్ మేనేజర్‌లో కెమెరా పేరు కనబడింది. ఇంకొక్క వేలెడు వంచితే మాయం. మళ్ళీ ముందుకి తెస్తే పసుప్పచ్చ గుర్తుతో అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, కోడ్ 43, అంటే ఏదో తగిలింది గానీ సరిగ్గా పనిచెయ్యట్లేదని. నాలుగు సార్లు అలా చేసి చూపించారు, నాలుగు సార్లూ అదే చోట. నాకు ఒళ్ళు జలదరించింది, పద్నాలుగు వేలు పోసి బోర్డు మార్పించి ఉంటే ఆ తర్వాత కూడా కెమెరా వచ్చేది కాదు కదా!

విప్పి భూతద్దం కింద నన్నూ చూడమన్నారు. హింజి దగ్గర కేబుల్ పైన చుట్టిన నల్ల టేపు అరిగిపోయి, లోపల తలవెంట్రుకల్లాంటి తీగలు రెండు తెగి ఉన్నాయి. కింద కనెక్టర్ కాళ్ళ మీద పచ్చగా చిలుం. ఆయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి ఆ చిలుం కడిగారు గానీ, తెగిన తీగలకి అతుకులేస్తే నెలరోజులు కూడా ఆగవు, కేబుల్ మార్చాల్సిందే అన్నారు. మన వైపు తేమ, ఉప్పుగాలి, చెరువుల గట్టు మీద షెడ్లలో పెట్టుకునే ల్యాప్‌టాప్‌లు అయితే ఇంకా ఘోరంగా వస్తాయట, రొయ్యల రైతులవి లోపలంతా పచ్చగా ఉంటాయట. మాదాంట్లో తేమ కంటే హింజి బిగుసుకుపోవడమే అసలు కారణం, తెరిచినప్పుడల్లా కేబుల్ని నలిపేసింది, హింజి కూడా లూజు చేసి ఇచ్చారు.

కేబుల్ 900, పని 600. మొత్తం 1,500. పాత కేబుల్ కవర్లో పెట్టి చేతికిచ్చారు, నేను అడగలేదు.

బాగోనివి కూడా రాస్తాను. మూడ్రోజులన్నారు, హైదరాబాద్ నుంచి కేబుల్ రావడానికి వారం పట్టింది, మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారే ఎత్తారు. ఆ వారం నేను ఫోన్‌లోనే క్లాసులు చెప్పుకున్నాను, కేబుల్ ఇంకా రాలేదని ఒక్క మెసేజ్ పెడితే నేను పిల్లల తల్లులకి సరిగ్గా చెప్పుకునేదాన్ని. బిల్లు అడిగితే గానీ రాయలేదు, రాసినదాంట్లో కూడా గ్యారంటీ మూడు నెలలని నేనే అడిగి రాయించుకున్నాను. కూర్చోడానికి ఒక్కటే స్టూలు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇబ్బందే. అందుకే 5కి 4 ఇస్తున్నాను. పనికి మాత్రం అయిదుకి అయిదే.

షాపు పేరు పెట్టద్దని ఆయనే అన్నారు, ఉన్న పనికే చెయ్యి ఖాళీ లేదట. గుడి వైపు వెళ్ళి ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పెద్దాయన అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మధ్యాహ్నం భోజనానికి కట్టేస్తారు, నాలుగు తర్వాత వెళ్ళండి. కార్తీక సోమవారాలూ శివరాత్రీ తప్పించుకుని వెళ్తే దారి ఖాళీగా ఉంటుంది. డేటా మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఆయన ముట్టుకోరు గానీ మీరు వేరే చోట ఇచ్చినా సరే ఇది చెయ్యండి.

నేను తెచ్చుకుని రెండు నెలలు దాటింది. రోజూ పొద్దున్న మూత తెరిచి క్లాసు ఓపెన్ చెయ్యగానే కెమెరా పక్కన ఆ చిన్న తెల్ల లైటు వెలుగుతుంది, నేను దాని కోసమే చూస్తాను, వెలగ్గానే పిల్లలు "గుడ్ మార్నింగ్ టీచర్" అంటారు, వాళ్ళకి అది సాయంత్రమే అయినా.