పాలఫిన్: లోపలికెళ్లి వస్తేనే హీరో

పోకెమాన్ స్కార్లెట్, వయలెట్ వీడియో గేముల్లో 2022లో వచ్చిన డాల్ఫిన్ పోకెమాన్ ఇది. చిన్నప్పుడు ఫినిజెన్, ఎదిగితే పాలఫిన్. ఎదిగినా చూపుకు పెద్ద తేడా ఉండదు. అదే 1.3 మీటర్లు, అదే 60.2 కిలోలు, పొట్టవైపు గుండె గుర్తు ఒకటి చేరుతుంది, అంతే. కానీ యుద్ధంలోంచి ఒకసారి పక్కకు తప్పుకుని మళ్లీ దిగిందంటే 1.8 మీటర్ల కండల వీరుడు, గుద్దులు గుద్దే చేతులతో సహా. మారే క్షణాన్ని ఎవరి కంటా పడనివ్వదని ఆటలోని పోకెడెక్స్‌లోనే (పోకెమాన్ల వివరాల పుస్తకం) రాసి ఉంటుంది. మన పాత జానపదాల్లో హీరో చెట్టు చాటుకెళ్లి వేషం మార్చుకొచ్చినట్టే.

దీని లెక్కంతా ఆ 'చాటు'లోనే ఉంది. మామూలు రూపంలో ఆరు స్టాట్లూ (ప్రాణం, దాడి, రక్షణ, వేగం లాంటి బలాల అంకెలు) కలిపి 457, హీరో రూపంలో 650. ఆ 650ని చూసి మురిసిపోయి జట్టులో పెట్టుకున్నవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు. లెవెల్ 50లో, అటాక్‌కు 252 ఈవీలు (శిక్షణతో చేరే పాయింట్లు), అటాక్‌ను పెంచే అడమెంట్ నేచర్ ఇస్తే మామూలు రూపంలో అటాక్ 134, హీరోగా 233. హెచ్‌పీ (ప్రాణం), స్పీడ్ మాత్రం రెండు రూపాల్లోనూ ఒకటే. అంటే డిఫెన్స్ 72, స్పెషల్ డిఫెన్స్ 62 బేస్‌తో తిన్న దెబ్బలన్నీ హీరో ఖాతాలోకే వస్తాయి. సగం ప్రాణంతో వచ్చిన హీరోకి 650 ఉన్నా ఒరిగేదేమీ లేదు.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు, ప్రతిసారీ ఫ్లిప్ టర్న్‌తోనే (కొట్టి వెంటనే వెనక్కి వచ్చేసే నీటి దెబ్బ) బయటికి రావాలనుకోవడం. ఆ కదలిక తగిలితేనే మార్పిడి జరుగుతుంది. ఎదుటివాడు దెబ్బను ఆపే ప్రొటెక్ట్ వేసినా, ఫేక్ అవుట్‌తో పాలఫిన్‌ను ఉలిక్కిపడేలా చేసినా అక్కడే ఇరుక్కుపోతుంది. రెండేసి పోకెమాన్లు ఒకేసారి దిగే డబుల్స్‌లో స్టార్మ్ డ్రెయిన్ అనే గుణం ఉన్న గ్యాస్ట్రొడాన్ ఎదురుగా ఉంటే, పక్కవాడి మీద వేసిన ఫ్లిప్ టర్న్‌ని కూడా తనవైపు లాక్కుని మింగేస్తుంది. వెల్‌స్ప్రింగ్ మాస్క్ ఒగర్‌పాన్‌కి నీటి దెబ్బను పీల్చేసుకునే వాటర్ అబ్జార్బ్ ఉంది, దాని మీద వేసినా అంతే సంగతి. ఏ దెబ్బా వేయకుండా నేరుగా మార్చేస్తే ఈ గొడవేమీ ఉండదు. దెబ్బలు మొదలవకముందే మార్పు అయిపోతుంది. ఎదుటివాళ్లను మార్చనివ్వని షాడో ట్యాగ్ ఉన్న గొథిటెల్ లాంటిది దారికి అడ్డం పడ్డప్పుడు మాత్రం ఫ్లిప్ టర్నే దిక్కు.

బయటికి రావడం కంటే తిరిగి దించడమే కష్టం. అన్నిటికన్నా చవకైన దారి: సాటి పోకెమాన్ పడిపోయాక ఆ ఖాళీలోకి హీరోని దించడం. ఒక్క దెబ్బ కూడా తినదు. కాబట్టి పాలఫిన్ పక్కన నిలబెట్టేది ఎలాగూ రెండు మూడు టర్న్‌లలో పడిపోయేదైనా పర్వాలేదు, కాకపోతే పడేలోపు దాని పని అది చేసి పోవాలి. జట్టులో చివరిగా మిగిలింది పాలఫిన్ ఒక్కటే అయితే, అప్పటికింకా రూపం మారకపోతే, ఇక మారడమనేదే ఉండదు.

హీరో అయ్యాక అసలు ఆయుధం జెట్ పంచ్. పవర్ 60, ప్రయారిటీ +1, అంటే స్పీడ్‌తో పనిలేకుండా మామూలు దెబ్బలకన్నా ముందే తగులుతుంది. టెరా వాటర్‌తో (నీటి రకాన్ని ఇంకా బలపరిచే మార్పు) రెట్టింపై 120, నీటి దెబ్బలను పెంచే మిస్టిక్ వాటర్ అనే వస్తువు పట్టుకుంటే 144, జట్టులోని పెలిపర్ వాన కురిపిస్తే 216. ముందుగా తగిలే గుద్దుకి ఇంత బలమంటే ఎదుటివాడి స్పీడ్ లెక్కలు తలకిందులైపోతాయి. అలాగని ఇదొక్కటే నమ్ముకోకూడదు. ఇండీడీ సైకిక్ టెరైన్ పరిచినా, ఆర్మర్ టెయిల్ ఉన్న ఫరిగిరాఫ్ నిలబడినా ప్రయారిటీ పనిచేయదు. అందుకే వేవ్ క్రాష్ తప్పనిసరి: పవర్ 120, కొట్టిన దాంట్లో మూడో వంతు మనకే తిరిగి తగులుతుంది. ఇక ఎదుటివాడి ఇంటిమిడేట్ (అటాక్‌ను తగ్గించే గుణం) పడితే 233 కాస్తా 155కి దిగుతుంది. అప్పుడు మొండిగా గుద్దుతూ కూర్చోకుండా మార్చి తేవడమే మేలు, తగ్గిన అటాక్ మళ్లీ మామూలవుతుంది, హీరో రూపం యుద్ధం అయ్యేదాకా పోదు.

స్పీడ్‌కి ఈవీలు ఇవ్వాలా అన్నది ఇంకా తెగని వాదన. ఇవ్వకపోతే 120, స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో పూర్తిగా ఇస్తే 167, కానీ అటాక్ 212కి తగ్గుతుంది. జెట్ పంచ్ ఉన్నాక హెచ్‌పీకి 252 పోసి 207 చేసుకోవడమే నాకు లాభంగా అనిపించింది. ఒక్క చిక్కుంది: గ్రాసీ టెరైన్ పరుచుకున్నప్పుడు రిల్లబూమ్ వేసే గ్రాసీ గ్లైడ్ దెబ్బది కూడా +1 ప్రయారిటీయే. అది పూర్తి స్పీడ్‌తో వస్తే 150, ముందు కొట్టేది అదే.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఎదిగించడం. ముందు కథలో రెండో టైటాన్‌ని (భారీ పోకెమాన్) ఓడిస్తేగానీ మనం ఎక్కి తిరిగే పోకెమాన్‌కి ఈత రాదు, ఈత లేనిదే సముద్రంలో ఫినిజెన్ చేతికి చిక్కదు. పట్టాక లెవెల్ 38 దాటినా ఒంటరిగా ఆడుతుంటే ఎదగదు. నలుగురూ కలిసి ఆడే యూనియన్ సర్కిల్‌లో ఇంకొకరు పక్కన ఉండగా లెవెల్ పెరగాలి. పోకె పోర్టల్‌లో గ్రూపు తెరిచి, కోడ్ అవతలివాళ్లకిచ్చి, వాళ్లు చేరాక ఒక్క లెవెల్ పెంచితే చాలు. పక్కపక్కనే రెండు స్విచ్ గేమ్ మెషీన్లు ఉంటే ఆన్‌లైన్ చందా కూడా అక్కర్లేదు. రెండో మనిషి దొరకని వాళ్లకు మాత్రం ఇది శుద్ధ దండగ షరతు.

కథ వరకే ఆడేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. జిమ్ లీడర్ల మీద ఒక టర్న్ పోగొట్టుకుని హీరోని దించేకంటే, ఆ టర్న్‌లో ఇంకేదైనా బలమైనదాంతో కొట్టడమే సులువు. స్నేహితులతో డబుల్స్ ఆడేవాళ్లకైతే కళ్లు మూసుకుని చెబుతాను, పెట్టుకోండి. జెట్ పంచ్, వేవ్ క్రాష్, ఫ్లిప్ టర్న్, ప్రొటెక్ట్. పొరపాటున ఏదైనా చెరిపేసుకుంటే సమ్మరీ తెరలోంచే పైసా ఖర్చు లేకుండా మళ్లీ గుర్తు చేయించొచ్చు.