తిరుపతి అద్దె పుస్తకాల అంగడిలో రేంజర్ల నేర నవలలు

తిరుపతిలో నేర నవలలు అద్దెకు తెచ్చుకుని చదవాలనుకునేవారికి నేను నిస్సంకోచంగా సూచించగల చోటు ఒకటుంది. తిలక్ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక సందులో, పాత మేడమీద, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు నడుపుతున్న అద్దె పుస్తకాల అంగడి అది. బయట బోర్డు లేదు. కింద ఉన్న జెరాక్స్ షాపులో అడిగితే మెట్లు చూపిస్తారు. అక్కడ పిల్లల కథల నుంచి పురాణాల దాకా అన్నీ దొరుకుతాయి గానీ, నేను రాయదలచుకున్నది కిటికీ పక్కనున్న ఒక్క అర గురించే. అడవిలో ఉద్యోగం చేసుకునే రేంజర్ తనకు సంబంధం లేని హత్య కేసులో చిక్కుకుని, దాని వెనుక ఉన్న ముఠాను వెతుక్కుంటూ పోయే కథలన్నింటినీ మాస్టారు ఆ అరలో చేర్చి పెట్టారు. ఇలాంటి కథ ఇంకో ఊళ్లో కాలక్షేపం కావచ్చు. ఎర్రచందనం దుంగల లారీ పట్టుబడిన వార్త లేకుండా నెల గడవడమే అరుదైన మన ఊళ్లో మాత్రం దీన్ని చదివే తీరు వేరుగా ఉంటుంది.

ముందు అద్దె సంగతి చెప్తాను. పుస్తకం ధర మొత్తాన్ని డిపాజిట్‌గా కట్టించుకుంటారు. పదిహేను రోజులకు ధరలో పదో వంతు అద్దె. తిరిగి ఇచ్చినప్పుడు అద్దె మినహాయించుకుని మిగిలింది అక్కడికక్కడే చేతికిస్తారు. గడువు దాటితే జరిమానా ఉంది గానీ, ముందే ఫోన్ చేసి చెప్పినవారి దగ్గర తీసుకోరు.

ఈ అంగడిని మిగతావాటికంటే ఎత్తున నిలబెట్టేది పుస్తకాల సంఖ్య కాదు, వాటి వెనుక మాస్టారు పెట్టిన చదువు. ఖాకీ అట్ట వేసిన ప్రతి పుస్తకంలోనూ లోపలి పేజీకి గళ్ల కాగితం ముక్క ఒకటి అంటించి ఉంటుంది. దాని మీద నీలి సిరాతో, గుండ్రటి చేతిరాతతో, ఆ నవలలో రేంజర్‌కు చట్టం ఇచ్చిన అధికారమెంత, రచయిత ఇచ్చిన అధికారమెంత అన్నది పేజీ సంఖ్యలతో సహా రాసి ఉంటుంది. హంతకుడెవరో తెలిసిపోయే మాట ఒక్కటి కూడా అందులో ఉండదు. ఒక కుర్రవాడు బొమ్మ చూసి ఏదో పుస్తకం తీయబోతే ఆయన ఆపి, "అందులో రేంజర్ తుపాకి పట్టుకుని పరిగెత్తడమే ఉంది నాయనా, ఒక్కసారైనా వంగి నేల చూడడు" అని చెప్పి, పక్కనున్న ఇంకో పుస్తకం చేతిలో పెట్టారు. రెండోదాని అద్దె మొదటిదానికంటే తక్కువ. నేను న్యాయవాద వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ కాగితం ముక్కల్లోని విషయాలను చట్టం పుస్తకాలు తెరిచి సరిచూశాను. చూసినంతవరకు తప్పు దొరకలేదు.

ఆయన పట్టింపుకు కారణముంది. రేంజర్ హత్యను ఛేదించే కథ నిలబడేదీ కూలిపోయేదీ అధికార పరిధి దగ్గరే. మన దేశంలో అడవిలో శవం దొరికితే శవపంచనామా చేయవలసింది పోలీసులు. పాత నేర ప్రక్రియా స్మృతిలో 174వ సెక్షన్‌గా ఉన్న ఆ విధానం 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్ అయింది. హత్య నేరానికి శిక్ష విధించే సెక్షన్ పాత శిక్షాస్మృతిలోని 302 పోయి భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. అటవీ అధికారికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ కింద తనిఖీ చేసే, స్వాధీనం చేసుకునే, అరెస్టు చేసే అధికారాలు ఉన్నాయి. అయితే అదే సెక్షన్ కింద సాక్ష్యం నమోదు చేసే అధికారం అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని, అందుకు అనుమతి పొందిన అధికారికే ఉంటుంది. రేంజ్ అధికారి ఆ మెట్టుకు కింద ఉంటాడు. కాబట్టి మన నేల మీద జరిగే కథలో రేంజర్ ఎవరినో కుర్చీలో కూర్చోబెట్టి వాంగ్మూలం రాయించుకుని హత్య కేసు గెలిచేస్తే, అక్కడితో నాకు ఆ పుస్తకం మీద నమ్మకం పోతుంది. నిజానికి రేంజర్ బలం అక్కడ లేదు. ఏ వాగు ఏ నెలలో ఎండిపోతుందో, ఏ బాట మీద పశువుల కాపరులు కాక ఇంకెవరో నడిచారో, నరికిన మోడు మీద చేవ రంగు ఎన్నాళ్లకు మారుతుందో అతనికి తెలుసు. కేసు రాసే ఎస్ఐకి ఆ సంగతులు తెలియవు. మంచి నవల ఈ ఇద్దరినీ ఒకరి అవసరం ఒకరికి పడేలా కూర్చుతుంది.

అరలోని పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషువి, అమెరికా జాతీయ పార్కుల్లో నడిచేవి. అక్కడి ఏర్పాటు వేరు. 1916లో ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీస్‌లో శాంతిభద్రతలు చూసే రేంజర్లకు తుపాకి, అరెస్టు అధికారం రెండూ ఉంటాయి. పెద్ద నేరాలకు ఆ సంస్థలోనే ఇన్వెస్టిగేటివ్ సర్వీసెస్ బ్రాంచ్ అనే ప్రత్యేక విభాగం ఉంది. హత్యల్లో ఎఫ్‌బీఐ కూడా రంగంలోకి దిగుతుంది. అందువల్ల ఆ నవలల్లో రేంజర్ ఎదుర్కొనే చిక్కు అధికారం లేకపోవడం కాదు, తన చేతిలోని కేసును పైవాళ్లు ఎప్పుడు లాక్కుంటారోనన్న ఆందోళన. ఈ కథలు ఊహ మాత్రమే అనుకునేవారి కోసం మాస్టారు ఆ అర పక్కన ఒక నిజ ఘటన రాసి తగిలించారు. 2002 ఆగస్టు 9న అరిజోనాలోని ఆర్గన్ పైప్ కాక్టస్ పార్కులో క్రిస్ ఎగిల్ అనే 28 ఏళ్ల రేంజర్, మెక్సికోలో హత్యలు చేసి సరిహద్దు దాటి వచ్చిన మాదకద్రవ్యాల ముఠా మనుషులను వెంబడిస్తూ వారి కాల్పుల్లో చనిపోయాడు. ఆ పార్కు సందర్శకుల కేంద్రానికి ఇప్పుడు అతని పేరే ఉంది.

నేను ఇటీవల తెచ్చుకున్న నవలలో ముఠా ఒకడిని చంపి, కాలుజారి పడ్డాడని నమ్మించడానికి లోయలో పడేస్తుంది. శవం బూట్ల గాడుల్లో ఎర్రటి బంకమట్టి ఎండి ఉంటుంది. ఆ లోయ మొత్తం సున్నపురాయి. ఇంత చిన్న ఆధారం పట్టుకుని రచయిత్రి నూట యాభై పేజీలు ఎక్కడా సడలకుండా నడిపింది. రేంజర్ ఆ మట్టి ఎక్కడిదో వెతుకుతూ ఒక ఇసుక గుత్తేదారు దగ్గరికి, అక్కడి నుంచి అతనికి అప్పిచ్చినవాడి దగ్గరికి చేరుతుంది. అడవిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టని మనిషి దగ్గర కథ ముగుస్తుంది. నాకు ఈ అరలో అన్నింటికంటే నచ్చింది ఇదే. ముఠా హత్య కథను హంతకుడి దగ్గర ఆపేస్తే సగం చెప్పినట్టే. చంపమన్నవాడి దాకా, చంపినందువల్ల లాభపడినవాడి దాకా వెళ్లాలి.

ఈ మాట నేను ఇంత గట్టిగా అనడానికి కారణం మన కొండలే. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనానికి 1995 నుంచి, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చోటుంది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. అయినా చావులు ఆగలేదు. 2013 డిసెంబరులో ఇదే అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులు దాడిలో చనిపోయారు, ఆ కేసులో వందల మంది తమిళ కూలీలను నిందితులుగా చేర్చారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో స్మగ్లర్ల వాహనం ఢీకొని ఎర్రచందనం అక్రమ రవాణాను అడ్డుకునే టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్ ఒకరు ప్రాణం కోల్పోయారు. చనిపోయినవారందరూ అడవిలో నడిచినవారే. కూలీ పైన మేస్త్రీ, మేస్త్రీ పైన దుంగలు డంప్ చేసి, దారి చూసుకుంటూ ముందు నడిచే పైలట్ కారు వెనుక లారీ పంపేవాడు, వాడి పైన ఓడరేవు దాటించేవాడు, ఇలా మెట్లు ఉన్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. పై మెట్టుకు వెళ్లేకొద్దీ కేసు కాగితాల్లో పేర్లు పలచబడతాయి. భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరానికి 111వ సెక్షన్ వచ్చింది. దాని కింద మరణం సంభవిస్తే మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ, పది లక్షలకు తగ్గని జరిమానాతో పాటు విధించవచ్చు. అయితే గత పదేళ్లలో ఒకటికి మించి అభియోగపత్రాలు దాఖలై ఉండాలన్న షరతు కూడా ఉంది కాబట్టి, ఎప్పుడూ కాగితం మీదికి రాని పెద్దమనిషికి అది తగిలించడం తేలిక కాదు. మాస్టారు ఈ విషయాల మీద వార్తల కత్తిరింపులను తేదీల వారీగా ఒక ఫైలులో కుట్టి ఉంచారు. అద్దె లేదు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. నవల తీసుకునే ముందు ఈ ఫైలు చూడమని నా సలహా.

లోపాలూ చెప్పాలి. గదిలో వెలుతురు చాలదు, సాయంత్రం దాటితే అట్ట మీది పేర్లు కనిపించవు. ఏ పుస్తకం లోపల ఉందో, ఏది బయటికి వెళ్లిందో తెలుసుకోవడానికి చేతిరాత ఖాతా పుస్తకం ఒక్కటే ఆధారం. మాస్టారు లేని పూట ఆయన మనవడికి అది అర్థం కాదు. పాత ప్రతుల్లో కొన్నింటికి పేజీలు ఊడిపోయాయి. హత్య ఎవరు చేశారో తేలే అధ్యాయం లేని నవల నాకొకటి తగిలింది. చెప్పగానే అద్దె వెనక్కి ఇచ్చారు గానీ, ఆ పుస్తకం తర్వాత కూడా అరలోనే కనిపించింది, అది సరికాదు. విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలకు కొత్త ఇంగ్లీషు పుస్తకాల డిపాజిట్ భారమవుతుంది. వారికి సగం డిపాజిట్‌తో ఇస్తే బాగుంటుంది.

అన్నింటికంటే పెద్ద లోటు, ఈ అరలో తెలుగు నవలలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండటం. ఉన్నవాటిలోనూ కూలీలు ముఖాలు లేని గుంపుగానే వస్తారు. తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి అడ్వాన్సు తీసుకుని బయలుదేరే మనిషి ఇంట్లో ఏం చెప్పి వస్తాడో, చనిపోతే ఆ కబురు ఎవరు మోసుకెళ్తారో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. తమిళం నుంచి అనువాదాలు తెప్పించమని మాస్టారిని అడిగాను. చెన్నైలోని పాత విద్యార్థికి ఉత్తరం రాశానని, పుస్తకాలు వస్తే ఇదే అరలో పెడతానని చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం తప్ప మిగతా రోజుల్లో ఉదయం పది గంటల నుంచి అంగడి తెరిచే ఉంటుంది. వెళ్లేవారు ఆధార్ నకలు ఒకటి, డిపాజిట్‌కు నగదు వెంట తీసుకుని వెళ్లండి, అక్కడ ఫోన్ చెల్లింపులు తీసుకోరు.